అమ్మేసిన కారు మనల్ని మరచిపోతుందా?

పాత కారు అమ్మేటప్పుడు చాలా పనులు గుర్తుపెట్టుకుని మరీ చేస్తాం. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెడతాం. బీమా సంగతి చూస్తాం. అద్దానికి అతికించిన ఫాస్టాగ్‌ను రద్దు చేయిస్తాం. డ్యాష్‌బోర్డు మీది వినాయకుడి బొమ్మను, డిక్కీలోని గొడుగును ఇంటికి తెచ్చుకుంటాం. తెర వెనకున్న మెమరీలో మాత్రం మన బంధుమిత్రుల ఫోన్ నంబర్లు, ‘ఇల్లు’ అని పేరు పెట్టి దాచుకున్న చిరునామా, రోజూ వెళ్లొచ్చిన దారులు ఉండిపోతాయి. కొన్నవాళ్లు తాళం తిప్పగానే అవన్నీ వాళ్ల చేతికి వస్తాయి.

ఫోన్‌ను బ్లూటూత్‌తో కారుకు కలిపినప్పుడు కాంటాక్టులు చూడనివ్వాలా అని ఫోన్ అడుగుతుంది. సరే అన్నామంటే చాలా కార్లు ఆ జాబితాకు ఒక నకలు తీసి పెట్టుకుంటాయి. ఎవరెవరు ఫోన్ చేశారన్నదీ దానితోపాటే చేరుతుంది. ఇది మొదటి చోటు. రెండోది కారులోనే సిమ్‌తో పనిచేసే టెలిమాటిక్స్ పరికరం. బండి ఎక్కడుంది, ఎంత వేగంగా పోతోంది, బ్రేకు ఎంత గట్టిగా తొక్కారు వంటి సంగతులను అది కంపెనీకి పంపుతుంటుంది. మూడోది ఆ కంపెనీ సర్వర్. ఈ మూడింటినీ ఒకే మీటతో చెరిపేయడం కుదరదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ముందు మెమరీ చిప్ సంగతి చూద్దాం. కార్లలో, ఫోన్లలో వాడేది ఫ్లాష్ మెమరీ. అందులోని ఒక్కో గదిలో చుట్టూ విద్యుత్ నిరోధక పొర ఉన్న చిన్న అర ఉంటుంది. అందులో ఎలక్ట్రాన్లు ఎంత మేరకు చిక్కుకున్నాయన్నదాన్ని బట్టి అక్కడ ఉన్నది సున్నానా, ఒకటా అని చిప్ చదువుతుంది. కరెంటు తీసేసినా అవి ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. రాయడం పేజీ చొప్పున జరుగుతుంది. చెరపడం అలా కుదరదు. వందల పేజీలున్న బ్లాకును మొత్తంగా, ఎక్కువ వోల్టేజీతో ఖాళీ చేయాలి. అలా చేసిన ప్రతిసారీ నిరోధక పొర కాస్త అరుగుతుంది. అందుకే చిప్‌ను నడిపే కంట్రోలర్ పొదుపుగా ఉంటుంది. మనం ఒక నంబరు తీసేయమంటే దాన్ని అక్కడికక్కడే చెరపదు, ‘ఇది ఇక అక్కర్లేదు’ అని గుర్తు పెట్టుకుని ఊరుకుంటుంది. పుస్తకంలో విషయసూచిక చింపేస్తే పాఠాలు పోతాయా? ‘ఫ్యాక్టరీ రీసెట్’ ఇంత మాత్రమే చేస్తే, తగిన పరికరాలున్నవాళ్లు చిప్‌ను విప్పి పాత సమాచారాన్ని చదవగలరు.

ఈ అరుగుదల ఊరికే చెప్పే మాట కాదు. టెస్లా 2021లో సుమారు 1.35 లక్షల మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. వాటిలోని 8 గిగాబైట్ల చిప్‌లు రాసీ రాసీ అరిగిపోవడమే కారణం. అంతకు ముందు ఏడాదే, టెస్లా కార్ల నుంచి విప్పి మార్చిన కంప్యూటర్ యూనిట్లు ఈబే‌లో అమ్మకానికి కనిపించాయి. కొని చూసిన ఒక పరిశోధకుడికి వాటిలో పాత యజమానుల ఇంటి చిరునామాలు, వై-ఫై పాస్‌వర్డ్‌లు దొరికాయి. అంటే కారు అమ్మకపోయినా, మరమ్మతులో మార్చిన భాగం మన సమాచారాన్ని మోసుకుపోవచ్చు.

దీనికి మంచి ఉపాయం ఉంది. మొదటి నుంచీ సమాచారాన్నంతా ఒక రహస్య సంఖ్యతో గుప్తీకరించి రాయాలి. చెరపాల్సి వచ్చినప్పుడు ఆ సంఖ్య ఒక్కదాన్ని నాశనం చేస్తే చాలు, మిగిలినదంతా అర్థంలేని అంకెల కుప్ప అవుతుంది. కొత్త ఫోన్లు ఇలాగే పనిచేస్తాయి. ఫోన్‌కు చేతనైన పని దానికి ఎన్నో రెట్లు ఖరీదైన కారుకు ఎందుకు కాకూడదన్నది న్యాయమైన ప్రశ్నే.

చిప్ శుభ్రమైనా సర్వర్ మిగులుతుంది. ఐబీఎంలో భద్రతా నిపుణుడైన చార్లెస్ హెండర్సన్ తన అనుభవాన్ని 2017లో ఒక సదస్సులో చెప్పారు. ఆయన రీసెట్ చేసి మరీ కారు అమ్మారు. కొన్నేళ్ల తర్వాత కూడా ఆయన ఫోన్లోని యాప్‌లో ఆ పాత కారు కనిపిస్తూనే ఉంది. ఎక్కడుందో చూడొచ్చు, తలుపు తాళం తీయొచ్చు. కారు మరచిపోయింది, సర్వర్ మరచిపోలేదు. ఆ సర్వర్ భద్రంగా ఉంటుందా అంటే, ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుకు చెందిన దాదాపు 8 లక్షల విద్యుత్ కార్ల సమాచారం క్లౌడ్‌లో సరైన రక్షణ లేకుండా పడి ఉందని 2024 డిసెంబరులో బయటపడింది. వాటిలో 4.6 లక్షల కార్లు ఎక్కడ ఆగాయో కూడా దాన్నుంచి తెలుసుకోవచ్చు.

2023లో మొజిల్లా ఫౌండేషన్ 25 కార్ల బ్రాండ్ల గోప్యతా విధానాలను పరిశీలిస్తే ఒక్కటీ నెగ్గలేదు. డ్రైవర్లందరికీ తమ సమాచారాన్ని తొలగించమని అడిగే హక్కు ఉందని చెప్పినవి రెనో, డాసియా రెండే. రెండూ ఒకే గూటివి, వాటిని ఎక్కువగా అమ్మేది యూరప్‌లో. అక్కడి చట్టంలో తొలగింపు హక్కు ఉండటం కాకతాళీయం కాదనుకుంటాను.

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 12వ సెక్షన్ తొలగింపు హక్కును ఇచ్చింది. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. సంస్థలు సర్దుకోవడానికి ప్రధాన భాగాలకు 18 నెలల గడువు పెట్టారు. ఈ హక్కుతో కంపెనీ సర్వర్‌ను అడగవచ్చు. డ్యాష్‌బోర్డులోని చిప్ మాత్రం అప్పటికే వేరొకరి ఇంటి ముందు ఉంటుంది. వ్యక్తులు సొంత అవసరాలకు వాడుకునే డేటాకు ఈ చట్టం వర్తించదు. కాబట్టి ఆ పని తాళాలు ఇవ్వకముందే కావాలి. ఫోన్ జతను కారులోనూ ఫోన్లోనూ తీసేయాలి, నావిగేషన్ చరిత్ర చెరపాలి, ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి, యాప్ ఖాతా నుంచి ఆ బండిని తొలగించాలి, ఆపైన కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. పాత కారు కొన్నవాళ్లు కూడా రీసెట్ చేసి, పాత యజమాని ఖాతా రద్దయిందో లేదో సర్వీసు సెంటర్‌లో అడగడం మంచిది.

అమ్మకం, కొనుగోలు లేని ఇళ్లలోనూ ఈ సమస్య ఉంది. హింసించే భర్త నుంచి బయటపడిన స్త్రీ అదే కారులో తిరుగుతుంటే, ఖాతా అతని పేరు మీద ఉన్నంతకాలం ఆమె ఎక్కడుందో అతనికి తెలుస్తూనే ఉంటుంది. రీసెట్ మీట ఇక్కడ పనికిరాదు. కాలిఫోర్నియా 2024లో దీనికోసమే ఒక చట్టం చేసింది. బాధితులు తగిన ఆధారాలతో అడిగితే, కార్ల కంపెనీ రెండు పనిదినాల్లోగా అవతలి వ్యక్తికి ఆ బండితో ఉన్న సంబంధాన్ని తెంచేయాలి.