క్రెడిట్లును విద్యార్థుల పరిశ్రమయు

ఉన్నత పాఠశాలను విడిచి కళాశాలలోఁ బ్రవేశించు విద్యార్థికి మొట్టమొదట నెదురగు క్రొత్తమాట క్రెడిట్టు. ఈ విషయమునకు నాలుగు క్రెడిట్లు, ఆ విషయమునకు మూడు అని కాలపట్టికలో వ్రాసియుండును. నాలుగు క్రెడిట్లనఁగా వారమునకు నాలుగు గంటల పనియే యని పలువురు తలఁతురు. తలిదండ్రులును మిగిలిన కాలమంతయుఁ దీరికయే యని యెంచి పిల్లలకు వేఱు పనులు చెప్పుట కలదు. ఈ లెక్క సరికాదని చూపుటయే మా యుద్దేశము.

ఈ కొలత పుట్టుకయే చిత్రమైనది. విద్యార్థి శ్రమను దూఁచుటకై యిది పుట్టలేదు. 1905వ సంవత్సరమున అమెరికా ధనికుఁడగు ఆండ్రూ కార్నెగీ కళాశాలాధ్యాపకుల పింఛనులకై కోటి డాలర్లొసఁగెను. ఆ నిధిని నిర్వహించిన సంస్థకు, ఏది నిజమైన కళాశాల యను ప్రశ్న వచ్చినది. ఉన్నత పాఠశాలలో 14 యూనిట్ల చదువు ముగించినవారినే చేర్చుకొను కళాశాలలకు మాత్రమే పింఛను దొరకునని యా సంస్థ నియమించెను. యూనిట్టనఁగా సంవత్సరములో 120 గంటల తరగతి బోధనము. గురువుల వార్ధక్యమునకై యేర్పడిన నియమము శిష్యుల చదువునకుఁ గొలబద్ద యయ్యెను! క్రమముగాఁ గళాశాలలును దమ పాఠములను గంటలతోనే లెక్కింపఁజొచ్చినవి.

కాని తరగతిలోఁ గూర్చుండిన గంట చదువులో నొక భాగము మాత్రమే. అమెరికా ప్రభుత్వము 2010లోఁ జేసిన నిర్వచనము ప్రకారము, ఒక క్రెడిట్టునకు వారమునఁ దరగతిలో నొక గంటయు, వెలుపలఁ గనీసము రెండు గంటలును, సుమారు 15 వారములు పనిచేయవలెను. ఐరోపాలో 1989లో నారంభమైన పద్ధతి తరగతి గంటను విడిచి, విద్యార్థి చేయు మొత్తము పనినే పట్టుకొన్నది: సంవత్సరమునకు 60 క్రెడిట్లు, 1500 మొదలు 1800 గంటలు. మాకీ పద్ధతియే న్యాయముగాఁ దోఁచుచున్నది. మన దేశమున 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ సంవత్సరమునకు 40 క్రెడిట్లు, క్రెడిట్టునకు 30 గంటలు అని నిర్ణయించినది. అనఁగా సెమిస్టరునకు 600 గంటలు. 15 వారములకుఁ బంచినచో వారమునకు 40. ఇది యొక యుద్యోగి చేయు పనికిఁ దీసిపోదు.

అయినను అంకె యెల్లప్పుడు నిజము చెప్పదు. రసాయన ప్రయోగశాలలో వారమునకు రెండు గంటలు నిలువుకాళ్లపై నున్నను సాధారణముగా లభించున దొక్క క్రెడిట్టే. రికార్డు వ్రాయుట యింటివద్దనే. గణితమునందు వెనుకఁబడిన బాలునికి మూడు క్రెడిట్ల పాఠము ఆఱు క్రెడిట్ల బరువు కావచ్చును. పట్టికలో నది కానరాదు.

అప్పుచేసి పిల్లలను అమెరికాకుఁ బంపు తెలుగు తలిదండ్రులు ఈ లెక్కను మఱింత శ్రద్ధతోఁ జూడవలెను. అచ్చట డిగ్రీ చదువు విదేశ విద్యార్థి సాధారణముగా సెమిస్టరునకుఁ గనీసము 12 క్రెడిట్లు తీసికొనవలయును. పై నిర్వచనము ననుసరించి యది వారమునకు 36 గంటల పని. కళాశాల ప్రాంగణములో జీతమునకుఁ బనిచేయుటకు 20 గంటలవఱకు అనుమతి కలదు. రెండును గలిపిన 56 గంటలు. వంటయు, ప్రయాణమును, నిద్రయు మిగిలిన గంటలలోనే యిమిడవలెను.