పప్పుమిల్లు లెక్కలో హద్దుల విలువ



కందులు, శనగలు పండే ముండ్లమూరు, దర్శి ప్రాంతంలో పప్పుమిల్లు పెట్టదలచిన యువకుడు, ఏ సరుకులో క్వింటాలుకు ఎంత మిగులుతుందన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే, తన వ్యాపారానికి అసలు కొరత ఎక్కడుందో కనిపెట్టలేడు. సాధించదలచిన లాభాన్నీ, దాటడానికి వీల్లేని హద్దులనూ గణిత సంబంధాలుగా రాసి, ఆ హద్దుల్లో అన్నిటికన్నా మేలైన నిర్ణయాన్ని వెతకడాన్ని ఆప్టిమైజేషన్ అంటారు. ఆ సంబంధాలన్నీ సరళరేఖలుగా గీయదగినవైతే అది లీనియర్ ప్రోగ్రామింగ్. ప్లైవుడ్ కర్మాగారంలో యంత్రాలకు పని పంచే చిక్కు నుంచి 1939లో సోవియట్ గణితవేత్త కాంటొరోవిచ్ దీనికి పునాది వేయగా, 1947లో అమెరికాలో డాంట్జిగ్ సింప్లెక్స్ అనే సాధనక్రమాన్ని రూపొందించాడు.

మిల్లుకు అన్వయించడానికి ఊహాసంఖ్యలు చాలు. క్వింటాలు కందులు 12 నిమిషాల యంత్రసమయం, రూ.8,000 పెట్టుబడి తీసుకుని రూ.300 మిగులుస్తాయనీ, శనగలు 6 నిమిషాలు, రూ.6,000 తీసుకుని రూ.200 మిగులుస్తాయనీ, రోజుకు ఉన్నవి 10 గంటలూ రూ.4,80,000 మాత్రమేననీ అనుకుంటే, లాభసాటి సరుకని కందులే ఆడించినవాడికి రూ.15,000, శనగలే ఆడించినవాడికి రూ.16,000 దక్కగా, 30 క్వింటాళ్ల కందులూ 40 క్వింటాళ్ల శనగలూ ఆడించినవాడికి రూ.17,000 దక్కుతుంది. అంతకన్నా విలువైన సంగతి ఒకటి ఆ లెక్కలోంచే బయటపడుతుంది: మరొక గంట యంత్రం నడిస్తే లాభం రూ.500, మరొక వెయ్యి పెట్టుబడి దొరికితే రూ.25 పెరుగుతుంది. కొరతగా ఉన్న వనరుకు ఇలా తేలే విలువను ఛాయామూల్యం అంటారు. అదనపు గంటకు కరెంటూ కూలీ కలిపి రూ.500 దాటితే రాత్రి మిల్లు నడపడం దండగే. అప్పు తెచ్చేటప్పుడు వెయ్యికి రోజుకు పడే వడ్డీని పోల్చవలసింది కూడా ఆ రూ.25తోనే.

అయితే రాయని హద్దును లెక్క పట్టించుకోదు. 1945లో ఆర్థికవేత్త స్టిగ్లర్ 77 ఆహారపదార్థాల నుంచి ఒక మనిషికి ఏడాదికి సుమారు 40 డాలర్లకే సరిపోయే భోజనం తేల్చాడు కానీ, రుచి అందులో హద్దుగా లేనందున గోధుమపిండి, క్యాబేజీ, ఎండుచిక్కుళ్లే ప్రధానంగా మిగిలాయి. తినవలసినవాడిని ఎవరూ అడగలేదు. అందుకే మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన కట్టా గోపాలకృష్ణ మూర్తి 1968లో ప్రచురించిన పద్ధతి వ్యాపారికి ప్రత్యేకంగా పనికొస్తుంది: పనులను మనుషులకు అప్పగించే సమస్యలో అది ఒక్క ఉత్తమ పరిష్కారంతో ఆగక, ఖర్చు పెరిగే వరుసలో రెండోదాన్నీ మూడోదాన్నీ కూడా చూపుతుంది. మిల్లు లెక్కలోనూ అదే తీరున, కందుల రైతుకు డబ్బు ఆలస్యం చేసే మొదటి పరిష్కారం కన్నా, ఏటా సరుకు తెచ్చే ఆ రైతును నిలుపుకొనే రెండోది ఎంత తక్కువ లాభం ఇస్తుందో అంకెల్లో తెలిసినప్పుడు, ఆ తేడా భరించదగినదా కాదా అన్నది మిల్లు యజమానే తేల్చుకోవాలి.