ఆకాశం నుండి పడిన రాళ్ళు – గుర్తించడం ఎలా, భద్రపరచడం ఎలా?

వేసవి సెలవులు ముగిసి బడి తెరిచిన మొదటి వారంలో మా తరగతి మిత్రుడొకడు సంచిలో ఒక నల్లని రాయి తెచ్చాడు. రెండు పిడికిళ్ళంత ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే బరువుగా అనిపించింది. పైన అక్కడక్కడా గాజులాగా మెరుస్తోంది. "ఇది ఉల్క. ఆకాశం నుంచి పడింది. అమ్మితే లక్షలు వస్తాయట" అన్నాడు. మధ్యాహ్న భోజన విరామం అయ్యేసరికి ఆ లక్షల్లో ఎవరికెంత వాటా అనే లెక్క కూడా మాలో మొదలైంది.

మా సైన్సు మేడమ్ ఆ రాయిని చూసి ధర సంగతి ఎత్తలేదు. "ఎక్కడ దొరికింది? ఏ రోజు? దాని పక్కన ఇంకేం ఉన్నాయి?" అని అడిగారు. మా మిత్రుడు తల గోక్కున్నాడు. రోడ్డు పక్కన అన్నాడు, ఏ రోడ్డో సరిగా గుర్తులేదు. ఒకరు సుత్తితో పగలగొట్టి చూద్దామంటే మేడమ్ వద్దన్నారు. పగలగొట్టకుండా ఎంత తెలుసుకోగలమో ముందు అది చూడమన్నారు. అలా ఆ రాయితో మేము మూడు వారాలు గడిపాము. ఆ మూడు వారాల్లో నేర్చుకున్నదే ఈ వ్యాసం.

ఉల్క వేరు, ఉల్కాశకలం వేరు

రాత్రిపూట ఆకాశంలో "చుక్క రాలింది" అంటాము కదా, నిజానికి అది చుక్క కాదు. అంతరిక్షంలో తిరిగే చిన్న రాతిముక్క సెకనుకు 11 కిలోమీటర్లకు పైగా వేగంతో మన వాతావరణంలోకి దూసుకువచ్చినప్పుడు కనిపించే వెలుగే ఉల్క. అలా వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇసుకరేణువులంతే ఉంటాయి, పైనే ఆవిరైపోతాయి. పెద్దవైతే కొంత భాగం మిగిలి నేలను చేరుతుంది. ఆ మిగిలిన రాయిని ఉల్కాశకలం అంటారు.

ఉల్కాశకలాల్లో దాదాపు అన్నీ కుజుడికి, గురుగ్రహానికి మధ్య తిరిగే లఘుగ్రహాల నుండి విడిపోయిన ముక్కలే. చంద్రుని నుండి, కుజుని నుండి వచ్చినవి చాలా అరుదు. వీటిలో మూడు ముఖ్యమైన రకాలు ఉన్నాయి. రాతి శకలాలు, ఇనుప శకలాలు, రాయీ ఇనుమూ కలిసినవి. పడుతుండగా చూసి సేకరించినవాటిలో నూటికి తొంభైకి పైగా రాతి శకలాలే. రాతి శకలాల్లో ఎక్కువ వాటిని కాండ్రైట్లు అంటారు. వాటి లోపల ఆవగింజంత గుండ్రని గుళికలు ఉంటాయి. వాటి వయసు సుమారు 456 కోట్ల సంవత్సరాలు, అంటే సౌరకుటుంబం పుట్టిన నాటివి. అంత పాతరాయి భూమి మీద పుట్టినవాటిలో ఎక్కడా దొరకదు.

ఐదు పరీక్షలు

మేము చేసిన పరీక్షలు ఏ పాఠశాలలోనైనా చేయవచ్చు. ఏ ఒక్క పరీక్షతోనూ "ఇది ఉల్కాశకలమే" అని తేల్చలేము. కానీ "ఇది కాదు" అని తేల్చడానికి ఒక్కోసారి ఒక్కటే చాలు.

మొదటిది, పైపొర. వాతావరణంలో కొన్ని సెకన్లపాటు రాయి పైభాగం కరిగి, తిరిగి గట్టిపడుతుంది. అందువల్ల కొత్తగా పడిన శకలం మీద ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా నల్లని పొర ఉంటుంది. విరిగిన చోట చూస్తే లోపలి రంగు వేరుగా, సాధారణంగా బూడిద రంగులో కనిపిస్తుంది. కొన్నిటి మీద మెత్తని బంకమట్టిని బొటనవేలితో నొక్కినట్లు గుంటలు కూడా ఉంటాయి. మా రాయి పైనా లోపలా ఒకే నలుపు.

రెండవది, బుడగలు. ఉల్కాశకలాల్లో గాలిబుడగల రంధ్రాలు దాదాపు ఉండవు. మా రాయికి ఒక మూల ముందే విరిగి ఉంది. భూతద్దంతో చూస్తే ఆ మూలంతా ఇడ్లీ కోసినట్లు చిన్న చిన్న రంధ్రాలు. మా ఉత్సాహం సగం అక్కడే చల్లారింది.

మూడవది, అయస్కాంతం. చాలా ఉల్కాశకలాల్లో ఇనుము, నికెల్ కలిసిన లోహం ఉంటుంది కాబట్టి అయస్కాంతం ఆకర్షిస్తుంది. చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి రాయి దగ్గరకు తెస్తే అది రాయి వైపు వంగుతుంది. బలమైన అయస్కాంతాన్ని రాయికి ఆనించి రుద్దకూడదు. కోట్ల ఏళ్ళనాటి అయస్కాంత క్షేత్రపు జాడ కొన్ని శకలాల్లో నిలిచి ఉంటుంది, బలమైన అయస్కాంతం దాన్ని చెరిపేస్తుంది. మా రాయి అయస్కాంతాన్ని కొద్దిగా లాగింది. అయితే మాగ్నటైట్ అనే మామూలు ఇనుప ఖనిజం ఇంకా గట్టిగా లాగుతుంది. కాబట్టి ఇది ఒక్కటే ఋజువు కాదు.

నాలుగవది, గీత. టైలు వెనుకవైపు, నునుపు లేని చోట, రాయితో గీయాలి. హెమటైట్ అయితే ఎర్రని గీత, మాగ్నటైట్ అయితే నల్లని గీత పడుతుంది. ఉల్కాశకలం సాధారణంగా గీత వదలదు. మా రాయి కూడా వదలలేదు. కాసేపు ఆశ మళ్ళీ చిగురించింది.

ఐదవది, సాంద్రత. తొమ్మిదవ తరగతిలో ఆర్కిమెడిస్ సూత్రం చదివే ఉంటాము. రాయిని తూచి, నిండుగా నీళ్ళున్న పాత్రలో ముంచి, పొర్లిన నీటిని కొలజాడీలో కొలవాలి. మా రాయి ద్రవ్యరాశి 812 గ్రాములు, పొర్లిన నీరు 280 మిల్లీలీటర్లు. భాగిస్తే ఘన సెంటీమీటరుకు 2.9 గ్రాములు. గ్రానైటుకు ఇది సుమారు 2.7. సాధారణ కాండ్రైట్లకు 3.2 నుండి 3.8 వరకు, ఇనుప శకలాలకు 7 నుండి 8 వరకు ఉంటుంది. చేతికి బరువుగా అనిపించిన మా రాయి లెక్కలో తేలిపోయింది.

ఇక చివరి ఆధారం మా కళ్ళ ముందే ఉంది. మాది ఉక్కు కర్మాగారం ఉన్న పట్టణం. కొలిమిలో ఇనుము తీశాక మిగిలే చిట్టాన్ని, అదే మన పాఠంలోని లోహమలాన్ని, రోడ్ల కింద పోసి చదును చేస్తారు. మా "ఉల్క" ఆ చిట్టెం ముక్క. ఆకాశం నుంచి కాదు, లారీలోంచి పడింది.

చిన్ననాడు చూసిన రాయి

మేము నవ్వుకున్నాము, కాస్త బాధపడ్డాము కూడా. అప్పుడు మేడమ్ మాకు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రపు రైతు మహిళ ఎలైజా కింబర్లీ గురించి చెప్పారు. 1880లలో ఆ కుటుంబం అక్కడ పొలం చేసుకుంటోంది. రాళ్ళే కనిపించని ఆ నేలలో నాగలికి నల్లని బరువైన రాళ్ళు తగిలేవి. ఆమె వాటిని ఏరి కుప్ప పోసింది. ఇరుగుపొరుగు నవ్వారు. చిన్నప్పుడు బడిలో చదివే రోజుల్లో ఆమె ఒక ఉల్కాశకలాన్ని చూసింది, ఆ గుర్తు ఆమెను వదల్లేదు. పండితులకు ఉత్తరాలు రాస్తూనే ఉంది. చివరకు 1890లో ఒక భూగర్భశాస్త్ర ఆచార్యుడు వచ్చి చూసి, అవి నిజమైన ఉల్కాశకలాలేనని తేల్చి కొన్నాడు. ఇనుములో పసుపుపచ్చని ఆలివిన్ స్ఫటికాలు పొదిగినట్లుండే ఆ అరుదైన శకలాలను నేడు బ్రెన్‌హామ్ అనే పేరుతో పిలుస్తారు.

అదే కాన్సాస్‌లో జీవశాస్త్రం బోధించే హార్వే నైనింగర్ 1923 నవంబరు 9న ఆకాశంలో ఒక అగ్నిగోళాన్ని చూశారు. దాని కోసం వెతకడంతో మొదలై జీవితమంతా ఈ పనికే అంకితమయ్యారు. ఊరూరా తిరిగి బడుల్లో, రైతుల మధ్య ప్రసంగించి, నమూనా చూపించి, "ఇలాంటి రాయి దొరికితే పంపండి, కొంటాను" అని చెప్పేవారు. ఆయన సేకరణలో కొంత 1958లో బ్రిటిష్ మ్యూజియానికి, మిగిలింది 1960లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చేరింది. ఆయన కూడా రాళ్ళు కొన్నారు, అమ్మారు. కానీ అంతకంటే ముందు వేలమందికి చూడడం నేర్పారు. ఈ ఇద్దరి కథలోనూ మాకు కనిపించింది ఒకటే: ఒక్కసారి సరిగా చూసినవారే మళ్ళీ గుర్తుపట్టగలరు.

రాయితోపాటు చీటీ

మన దేశంలో కూడా గొప్ప ఉదాహరణలున్నాయి. 1621 ఏప్రిల్‌లో జలంధర్ దగ్గర ఇనుప శకలం ఒకటి పడింది. జహంగీర్ చక్రవర్తి తన ఆత్మకథలో దాని సంగతి, 160 తులాల బరువుతో సహా, రాయించాడు. మామూలు ఇనుము కలిపి దానితో కత్తులు చేయించాడు. వాటిలో ఒక చాకు ఇప్పుడు వాషింగ్టన్‌లోని మ్యూజియంలో ఉంది. వివరాలు భద్రంగా ఉన్నాయి, రాయి మాత్రం కొలిమికి పోయింది.

దీనికి భిన్నమైన కథ బిహార్‌లోని షేర్ఘాటీది. 1865 ఆగస్టు 25న అక్కడ సుమారు 5 కిలోల రాయి పడింది. ఎప్పుడు, ఎక్కడ పడిందో రాసిన వివరంతో సహా దాన్ని భద్రపరిచారు. 1976లో వైకింగ్ నౌకలు కుజగ్రహం మీద దిగి అక్కడి గాలిని పరీక్షించాయి. ఆ తరువాత అంటార్కిటికాలో దొరికిన ఇదే జాతి రాయిలో చిక్కుకున్న వాయువులు కుజుని గాలితో సరిపోయాయి. అలా షేర్ఘాటీ రాయి కూడా కుజుని నుండి వచ్చిందని శాస్త్రవేత్తలు నిర్ధారించారు. ఈ జాతికి నేడు ప్రపంచమంతా వాడే పేరు షెర్గొటైట్, అంటే మన బిహార్ ఊరి పేరే. నూరేళ్ళకు పైగా ఆ రాయి ఎదురుచూసింది. అంతకాలం దాన్ని కాపాడినవారికి దాని విలువ పూర్తిగా తెలియదు, అయినా వారు చీటీని పోగొట్టలేదు.

మన తెలుగు నేల మీద కూడా ఇలాంటివి పడ్డాయి. నెల్లూరు ప్రాంతంలో 1852లో పడిన రాతి శకలం, ఉత్తరాంధ్రలో 1870లో పడిన ఇనుప శకలం అంతర్జాతీయ జాబితాలో ఉన్నాయి. ఇనుప శకలం కళ్ళముందు పడడం ప్రపంచంలోనే అరుదు. పడిన లేదా దొరికిన చోటి పేరే శకలానికి పెట్టడం ఈ శాస్త్రంలో ఆచారం. అందుకే ఎక్కడ దొరికిందో తెలియని రాయి ఊరూపేరూ లేనిదవుతుంది.

కొనడం, అమ్మడం

ఉల్కాశకలాలను గ్రాముల లెక్కన కొని అమ్మేవారు ప్రపంచమంతటా ఉన్నారు. ఎడారి ఇసుక మీద నల్లరాయి తేలికగా కనిపిస్తుంది, ఎండిన గాలిలో త్వరగా తుప్పు పట్టదు. అందువల్ల సహారా ఎడారిలో సంచార జాతులవారు ఏరినవి మొరాకో బజార్ల మీదుగా సేకర్తలకు చేరుతుంటాయి. సాధారణ కాండ్రైట్లు తక్కువ ధరకే వస్తాయి. చంద్రునివి, కుజునివి చాలా ఖరీదు. ధర ఉన్నచోట మోసం కూడా ఉంటుంది. మా చిట్టెం లాంటి ముక్కలకు అందమైన పెట్టె, ధ్రువపత్రం జోడించి అమ్మేవారూ ఉన్నారు. కాగితం మీద ముద్ర ఉంటే చాలదు, అంతర్జాతీయ ఉల్కాశకల సంఘం జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూడాలి. ఆ జాబితాలో చేరాలంటే ముందు ఒక ప్రయోగశాల పరీక్షించాలి, పరిశోధన కోసం కొంత ముక్కను ఒక సంస్థలో ఉంచాలి. ఆ విధంగా మంచి వ్యాపారం శాస్త్రానికి సాయపడుతుంది. చీటీ లేకుండా ముక్కలు చేసి అమ్మే వ్యాపారం మాత్రం శాస్త్రానికి నష్టమే.

చట్టాలు దేశానికొక తీరుగా ఉన్నాయి. డెన్మార్క్‌లో దొరికిన శకలాన్ని ప్రభుత్వానికి అప్పగించాలి, దొరికినవారికి పారితోషికం ఇస్తారు. అర్జెంటీనా నుండి బయటకు తీసుకుపోవడం నిషేధం. మన దేశంలో పడిన ఉల్కాశకలాల సంరక్షణ బాధ్యత భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థది. 2017 జూన్ 6న జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో రాయి పడినప్పుడు గ్రామస్థులు వెంటనే తెలియజేశారు. అది కర్బనం, నీటి జాడలు ఉన్న అరుదైన రకమని పరిశోధనలో తేలింది. వాన తగిలి పాడుకాకముందే అందడం వల్ల ఎంతో మేలు జరిగింది.

మనకు దొరికితే?

ముందు, రాయిని కదపకుండా పక్కన స్కేలో నాణెమో పెట్టి ఫొటో తీయాలి. చోటు, తేదీ, సమయం, చూసినవారి పేర్లు రాసుకోవాలి. ఉత్త చేతులతో తాకకూడదు, నీళ్ళతో కడగకూడదు, పగలగొట్టకూడదు, బలమైన అయస్కాంతం ఆనించకూడదు. శుభ్రమైన అల్యూమినియం రేకులో చుట్టి, పొడి డబ్బాలో ఉంచాలి. ఉపాధ్యాయుల ద్వారా భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు గాని, జిల్లా అధికారులకు గాని తెలియజేయాలి.

సేకరణ సరదా ఉన్నవారు రాళ్ళు కొనడంతోనే మొదలుపెట్టనక్కరలేదు. కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంకు వెళ్ళే అవకాశం వస్తే ఉల్కాశకలాల గది తప్పక చూడాలి. ఎలైజా కింబర్లీకి బడి రోజుల్లో చూసిన ఒక్క రాయే పాఠమైంది.

మా నల్లరాయి ఇప్పుడు మా పాఠశాల ప్రయోగశాల అలమారలో ఉంది. దాని పక్కన మేము రాసిపెట్టిన చీటీ కూడా ఉంది: "లోహమలం. ఉల్కాశకలం కాదు. ద్రవ్యరాశి 812 గ్రా. సాంద్రత 2.9." దొరికిన చోటు అన్న వరుస మాత్రం ఖాళీగా ఉంది. ఈసారి ఎవరు ఏ రాయి తెచ్చినా ఆ వరుస ముందు నింపాలని మా తరగతి నియమం పెట్టుకుంది.