మంచుకొండల మీద మెలకువ



వెంకటాచలంలో ఉప్పుగాలి పీలుస్తూ మంచు చరియల మీద వ్యాసమేమిటని మీరు నవ్వవచ్చు. మనకు మంచు అంటే సంక్రాంతి ముందు తెల్లవారుజామున కయ్యల మీద పరుచుకునే పొగమంచే గదా! కాని సెలవులు ఇచ్చీ ఇవ్వగానే మనవాళ్ళు గుంపులుగా రైలెక్కి ఢిల్లీ మీదుగా మనాలి చేరుతున్నారు. అందుకే సైన్సు విద్యార్థిగా నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తున్నాను.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సుమారు 19,600 అడుగుల ఎత్తునున్న శిబిరంపై మంచు చరియ కూలి, పదిమంది సైనికులు కూరుకుపోయారు. వారిలో కర్నూలు జిల్లావాసి సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆరు రోజులకు లాన్స్ నాయక్ హనుమంతప్ప ఒక్కరే ఊపిరితో దొరికారు. ఆయనా ఫిబ్రవరి 11న కన్నుమూశారు.

మన జిల్లా సంగం మండలం గాంధీజనసంగం బిడ్డ మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కారు. అంతటివారు 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్ళి, వాతావరణం తిరగబడి, అక్కడే ప్రాణం విడిచారు. అది చరియ వల్ల జరిగింది కాదు. అయినా కొండ ఎవరి అనుభవాన్నీ లెక్కచేయదని తెలుస్తున్నది.

ఇక అసలు విషయం. కొండమీద మంచు ఒకే ముద్దగా ఉండదు. కురిసిన ప్రతిసారీ ఒక పొర చొప్పున పేరుకుంటుంది. నేల దగ్గర మంచు ఇంచుమించు సున్నా డిగ్రీల్లో ఉంటే, పైభాగం అంతకంటే ఎంతో చల్లగా ఉంటుంది. ఈ తేడా వల్ల అడుగునుండి నీటియావిరి పైకి పాకి, మధ్యలో పంచదార పలుకుల వంటి వదులు పొర ఏర్పడుతుంది. దానిమీద కొత్త మంచు గట్టి పలకలా కూర్చుంటుంది. వడ్ల బస్తాల దొంతర వేసేటప్పుడు మా నాయన గోతాల నడుమ నున్నటి ప్లాస్టిక్ సంచులు పెట్టనివ్వడు. "పై వరసంతా ఒక్కసారే జారతాది రా" అంటాడు. మంచుపలక జారేదీ ఇట్లాగే. మనిషి బరువు తగిలినా చాలు. ప్రాణాలు తీసే చరియల్లో పదింట తొమ్మిది ఆ బాధితులో, వారి జట్టువారో కదిలించినవే!

ప్రమాదమంతా ముఖ్యంగా 30 నుండి 45 డిగ్రీల వాలులో ఉంటుంది. అంతకన్న తక్కువ వాలులో పలక సాధారణంగా జారదు. మరీ నిటారైతే మంచు ఎక్కువగా నిలవదు. జామెట్రీ పెట్టెలోని కోణమానినికి దారం, చిన్న రాయి కట్టి దూరంనుండే వాలు కొలవవచ్చు. అయితే వాలు కింద ఉన్న చదును నేల కూడా క్షేమం కాదు. పైనుండి జారింది వచ్చిపడేది అక్కడికే.

కొత్తగా మంచు బాగా కురిసినా, గాలి మంచును ఒకవైపుకు తోసినా, ఎండ హఠాత్తుగా పెరిగినా అనుమానించాలి. అడుగు వేస్తే "ధబ్" మని లోపల కుంగిన చప్పుడు వచ్చినా, పగుళ్ళు పరుగెత్తినా, వెంటనే వెనుదిరగాలి.

చరియల హెచ్చరికను ఒకటి నుండి అయిదు దాకా అంకెల్లో చెబుతారు. అయిదుకు మూడంటే మనకు ఫస్టుక్లాసు మార్కు. అక్కడ మాత్రం చాలామంది చనిపోయేది ఆ మూడో అంకె ఉన్న రోజుల్లోనే!

అనుమానపు వాలును ఒక్కొక్కరుగా దాటాలి, తక్కినవారు క్షేమమైన చోట నిలబడి చూస్తుండాలి. ప్రతివాడి దగ్గరా సంకేతయంత్రం, పొడుగాటి గుచ్చుకడ్డీ, పార ఉండాలి, వాటిని వాడే అభ్యాసమూ ఉండాలి. కూరుకుపోయినవారిని పది నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురే. బయటినుండి సాయం వచ్చేసరికి ఆ పది నిమిషాలు ఎప్పుడో గడిచిపోతాయి. కనుక పక్కనున్న స్నేహితుడే దిక్కు. చరియలో చిక్కినవారు అది ఆగేలోగా చేతులు ముఖానికి అడ్డం పెట్టుకొని ఊపిరికి చోటు చేసుకోవాలి. ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుపోతుంది.

కృష్ణపట్నం రేవులో తుపాను సూచిక ఎగరేసిననాడు మన జాలరులు వేటకు పోరు. దాన్ని ఎవరూ పిరికితనం అనరు. మంచుకొండ దగ్గరా మనం ఆ జాలరి బుద్ధే తెచ్చుకుందాం.