నేర్చుకొనుచున్న పనివాడు

పఠన భాగము: 2 రాజులు 6:1-7
కలిపి చదువవలసినవి: ద్వితీయోపదేశకాండము 22:8, అపొస్తలుల కార్యములు 18:24-26, యాకోబు 5:4



అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతములలో మోటారు బండి ఇప్పుడు ధనవంతుల వస్తువు మాత్రమే కాదు. కాఫీ గింజల మూటలు, సంతకు పోవు పసుపు, ఆసుపత్రికి చేరవలసిన గర్భిణి, కూటములకు వచ్చు సంఘస్థులు, వీరందరికిని జీపో ఆటోయో ఆధారము. బండి చెడినప్పుడు దానిని రోడ్డు ప్రక్కనున్న షెడ్డుకు తీసికొనిపోవుదుము. పెద్ద మేస్త్రీ వేరొక బండి క్రింద పండుకొని పనిచేయుచుండును. మన బండిమీద చెయ్యి వేయువాడు నిన్న మొన్న పనిలో చేరిన కుర్రవాడు. వాడు ఒక నట్టు బిగించి మరియొకటి మరచిపోవును. అట్టి సమయమున విశ్వాసి యేమి చేయవలెను? వానిని తిట్టవలెనా? పోనిమ్మని ఊరకుండవలెనా? ఈ రెండు త్రోవలును మనకు తగినవి కావు.

పఠన భాగములో ప్రవక్తల శిష్యులు ఇల్లు కట్టుకొనుటకై యొర్దాను ఒడ్డున మ్రానులు నరుకుచుండిరి. ఒకని గొడ్డలి ఊడి నీటిలో పడెను. అది ఎరువు తెచ్చిన గొడ్డలి. షెడ్డులోని కుర్రవాని చేతిలోనున్న బండియు అట్టిదే. అది వానిది కాదు, మరియొకని జీవనోపాధి. ఈ చిన్న సంగతిలో మనకు మూడు పాఠములున్నవి.

మొదటిది, ఆ శిష్యుడు నష్టమును దాచలేదు. వెంటనే కేకవేసి చెప్పెను. పని నేర్చుకొనువానికి ఇదియే మొదటి గుణము. అయితే కొట్టుదురను భయమున్న చోట ఎవడును నిజము చెప్పడు. మర విరిగినను వాడు గ్రీజు పూసి మూసివేయును. తిట్టు గద్దింపు ఎక్కువైన షెడ్డులో దాగిన తప్పులును ఎక్కువగును. మన కొండలలో ఇంట ఆదివాసీ ఒరియా గాని కువి గాని మాటలాడు పిల్లలు కొందరు తెలుగులో చెప్పిన పని పూర్తిగా తెలియకున్నను సిగ్గుచేత సరేనందురు. కాబట్టి చెప్పినదానిని వానిచేత తిరిగి చెప్పించుకొనుట మేలు.

రెండవది, ఎలీషా వానిని నిందింపక, అది ఎక్కడ పడెనని అడిగెను. తప్పు చేసినవాడు ఎట్టివాడని విచారింపలేదు, తప్పు జరిగిన చోటును విచారించెను. మనమును అట్లే అడుగవలెను. ఏ చక్రము విప్పితివి? ఏ గొట్టము మార్చితివి? తీసిన పాత సామాను ఎక్కడ? ఇట్టి ప్రశ్నలు అవమానము కావు. కుర్రవానికి అవియే పాఠములగును.

మూడవది, తేలిన ఇనుమును ఎలీషా తానే తీయక, ఆ శిష్యుడే తీసికొనవలెనని చెప్పెను. చెడిన పనిని మేస్త్రీ చూచుచుండగా ఆ కుర్రవానిచేతనే సరిచేయించిన యెడల వాడు పనివాడగును. వానిని త్రోసివేసిన యెడల జీవితమంతయు స్పానర్లు అందించువాడుగానే మిగులును.

అయితే జాలిపేరిట పనిని పరీక్షింపక పోవుట ప్రేమ కాదు. మేడకు పిట్టగోడ కట్టించని యజమానునిమీద రక్తాపరాధము నిలుచునని ధర్మశాస్త్రము బోధించుచున్నది. మన ఘాటు రోడ్డులో బ్రేకులే పిట్టగోడ. 2021 ఫిబ్రవరి 12వ తేదీన అనంతగిరి ఘాటులో పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు మరణించిరి. అట్టి రోడ్డుమీద ప్రయాణము చేయు మనము ఈ సంగతులు తెలిసికొనవలెను.

బ్రేకు పెడలు నొక్కినప్పుడు మెత్తగా లోనికి దిగిపోయిన యెడల గొట్టములో గాలి చేరియుండవచ్చును. గాలి తీయించనిదే బండి కదల్చరాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును; పాతబడిన ఆయిలు వేడికి త్వరగా మరిగి, పెడలు పనిచేయకుండ చేయును. లైనింగుమీద గ్రీజు పడినను పట్టు తప్పును. చక్రపు నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగించి, కొంతదూరము నడిపిన తరువాత మరల చూడవలెను. పని ముగిసిన పిమ్మట మొదట మట్టమైన రోడ్డుమీద, నెమ్మదిగా, మనుష్యులను ఎక్కించుకొనక నడిపి చూడవలెను. ఘాటు దిగునప్పుడు చిన్న గేరులో దిగవలెను. బ్రేకునే అదిమిపట్టిన యెడల అది వేడెక్కి పట్టు తగ్గును. బ్రేకు, స్టీరింగు పనులను మేస్త్రీ స్వయముగా చూడనిదే బండి తీసికొనమని ముందుగానే మర్యాదగా చెప్పుట మన హక్కు.

పని బాగులేనప్పుడు నలుగురిలో కేకలు వేయక మేస్త్రీతో ఏకాంతముగా మాటలాడవలెను. అకుల, ప్రిస్కిల్ల అపొల్లోను సమాజమందిరములో ఖండింపక, చేర్చుకొని మరింత బాగుగా బోధించిరి గదా. న్యాయముగా అడిగినను సరిచేయని యెడల 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము జిల్లా కమిషనుకు ఫిర్యాదు చేసికొనవచ్చును. రశీదు తీసికొని దాచుట అందుకే అవసరము. అయితే సరిగా చేసిన పనికి కుర్రవాని అనుభవలేమిని సాకుగా చూపి కూలి తగ్గించుట పాపము. బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు హెచ్చరించుచున్నాడు.

షెడ్డు నడుపు సహోదరులకును ఒక మాట. నేర్పుట మీ బాధ్యత. బెసలేలుకు దేవుడు చేతిపనితోపాటు ఇతరులకు నేర్పు బుద్ధినికూడ ఇచ్చెను (నిర్గమకాండము 35:34). 14 ఏండ్లు నిండని బిడ్డలను షెడ్డు పనికి పెట్టుకొనుట చట్టవిరుద్ధము. బాలకార్మిక చట్టమును 2016లో మరింత కఠినము చేసిరి. అట్టివారిని బడికి పంపుడి. పదవ తరగతి ముగించిన యువకులను ఐ.టి.ఐ.కి పంపిన యెడల రెండేండ్ల మోటారు మెకానిక్కు శిక్షణ పొందగలరు. సంఘ పెద్దలు ఇందుకు దరఖాస్తు వ్రాయుటలో సహాయపడవచ్చును.

కాబట్టి పనిని గట్టిగా పరీక్షింతము, పనివానిని మెత్తగా పట్టుకొందము. మన ప్రభువు తన శిష్యుల మందబుద్ధిని మూడేండ్లు సహించెను. అయినను వారికి తప్పును తప్పనియే చెప్పెను. ఈ రెండును కలిసియున్న చోటనే మనుష్యుడు నేర్చుకొనును, బండియు క్షేమముగా కొండ దిగును.

కూటములో ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఆ శిష్యుడు గొడ్డలి సంగతి దాచియుండిన యెడల ఏమి జరిగియుండును?
2. మన యింటిలో, పొలములో, బడిలో నేర్చుకొనువారు తమ తప్పును భయములేక చెప్పగలుగుచున్నారా?
3. మన గ్రామములో పని నేర్చుకొనుచున్న యువకులెవరు? వారి నిమిత్తము ఈ నెల ఏమి చేయుదుము?

ప్రార్థనాంశము: ఘాటు రోడ్లలో బండ్లు నడుపువారి కొరకును, షెడ్లలో పని నేర్చుకొను పిల్లల కొరకును, వారికి నేర్పు మేస్త్రీల కొరకును ప్రార్థింతము.