రోగుల రిజిస్టరుకు ఊరి పటం జోడించడం ఎలా?

ఒకే వారంలో పన్నెండు మంది వాంతులు, విరేచనాలతో వచ్చారనుకోండి. వారంతా ఒకే బోరు నీళ్లు తాగినవారా? కంప్యూటరులోని రోగుల రిజిస్టరు ఒక్కటే ఈ సంగతి చెప్పలేదు. లండనులో 1854లో వచ్చిన కలరా మరణాలను డాక్టర్ జాన్ స్నో పటం మీద గుర్తించినప్పుడు, అవి బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ గుమిగూడి కనిపించాయి. మరణాల జాబితా ఆయన ఆసుపత్రిది కాదు, ప్రభుత్వ రిజిస్ట్రారు కార్యాలయానిది. జాబితా ఒకచోటిది, పటం మరొకచోటిది. మన పని కూడా అటువంటిదే.

పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేసుకు పోస్ట్‌జిఐఎస్ అనే అనుబంధం చేర్చితే అది పటాలను అర్థం చేసుకుంటుంది. బయటి పటం ఫైలును లోపలికి ఎక్కించకుండానే 'ఫారిన్ టేబుల్'గా చూపవచ్చు. అంటే ఫైలు తన చోటనే ఉంటుంది, మనం అడిగినప్పుడల్లా డేటాబేసు దాన్ని తెరచి చదువుతుంది. ఫైలు అందకపోతే మాత్రం జవాబు రాదు. అందుకే ఒక నకలు దగ్గర ఉంచుకుని నెలనెలా తాజా చేసుకోవడం మేలు.

అసలు చిక్కు రెండింటినీ కలిపే చోట వస్తుంది. చాలామంది ఊరి పేరుతో కలుపుతారు. రామాపురాలు ఎన్ని లేవు! ఒకరు 'కొత్తపల్లి' అని, మరొకరు 'కొత్త పల్లి' అని రాస్తారు. కంప్యూటరుకు అవి రెండు ఊళ్లు. జిల్లా పేరును నమ్ముదామంటే, పాత నల్గొండ జిల్లా 2016లో నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరిగా విడిపోయింది. పాత కార్డు మీద పాత జిల్లాయే ఉంటుంది. కాబట్టి ఓ.పి. చీటీ రాసేటప్పుడే ఊరికి జనాభా లెక్కల కోడు వేయాలి. 2011 లెక్కల్లో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఆరంకెల కోడు ఉంది.

మామూలు 'జాయిన్' వాడితే, జత కుదరని రోగి జవాబులోంచి మాయమవుతాడు. ఏ హెచ్చరికా రాదు. పన్నెండు మందిలో ఐదుగురు అలా పోతే, పటంలో ఆ బోరు నిర్దోషిగా కనిపిస్తుంది! 'లెఫ్ట్ జాయిన్' వాడి, జత కుదరనివారు ఎందరో ముందు లెక్కించండి, పటం తర్వాత చూడవచ్చు.

మరో పొరపాటు నవ్వు తెప్పిస్తుంది. పోస్ట్‌జిఐఎస్‌కు రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత ఇవ్వాలి. నల్గొండ అంకెలు తారుమారైతే రోగి నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్బార్డ్ మంచు దీవుల్లో తేలతాడు.

ఇంకొక మాట. పటాన్ని మన దగ్గరికి తెచ్చుకోవాలి గాని, రోగుల చిరునామాలను బయటి పటాల సైటుకు పంపకూడదు. క్షయ రోగి ఇల్లు ఏదో ఊరికి తెలిస్తే, అతను మందులకు రావడమే మానేయవచ్చు. గోడకు తగిలించే పటంలో ఊరివారీ సంఖ్యలే వేయండి. ఒకరిద్దరే రోగులున్న ఊరిని పక్క ఊళ్లతో కలిపి చూపండి.