లింకన్ స్మారకం: వాస్తుశిల్పి, శిల్పి ఉమ్మడి కృషి

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1922 మే 30న అంకితమైన లింకన్ స్మారక భవనాన్ని వాస్తుశిల్పి హెన్రీ బేకన్ రూపొందించగా, అందులోని ఆసీన విగ్రహానికి, అంటే కూర్చున్న భంగిమలోని ప్రతిమకు, శిల్పి డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ రూపకల్పన చేశాడు. భవనం చుట్టూ ఉన్న 36 డోరిక్ స్తంభాలు, అనగా పీఠం లేకుండా నేరుగా వేదికపై నిలిచే ప్రాచీన గ్రీకు శైలి స్తంభాలు, లింకన్ మరణించిన నాటి రాష్ట్రాల సంఖ్యను సూచిస్తాయి. విశాలమైన మందిరంలో చిన్న విగ్రహం వెలవెలబోతుందని గ్రహించి దాని ఎత్తును 19 అడుగులకు పెంచగా, పిక్కిరిల్లి సోదరులు 28 జార్జియా పాలరాతి దిమ్మెలను చెక్కి నేర్పుగా కూర్చారు. తూర్పు ద్వారపు వెలుగు నేలపై పడి, కింది నుంచి ముఖంపైకి పరావర్తనం చెందడంతో కవళికలు వికృతంగా కనిపించగా, తర్వాత పైకప్పులో విద్యుద్దీపాలు అమర్చి ఆ లోపాన్ని సరిదిద్దారు. బేకన్‌కు 1923లో అమెరికన్ వాస్తుశిల్పుల సంస్థ స్వర్ణ పతకం లభించింది.